తెల్లారేసరికి ఒరిగిన బండి

మా నాయనకి కార్ల గురించి ఏమీ తెలియదు, ఎద్దుల గురించి తెలుసు. 2024 వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున, పొదలకూరులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టిన నా బండి చుట్టూ రెండు మార్లు తిరిగి, ముందు ఎడమ చక్రం దగ్గర ఆగి లోపలికి కేకేశాడు. "అబ్బయ్యా, ఇది కుంటతా ఉండాదే!"

వచ్చి చూశా. ఆ మూల బాడీ చక్రం మీదికి దిగిపోయి ఉంది. టైరుకీ పైన రేకుకీ మధ్య వేలు కూడా పట్టేట్టు లేదు. మిగతా మూడు మూలలూ మామూలుగానే ఉన్నాయి. స్టార్ట్ చేశా. కింద ఎక్కడో కందిరీగ రొద లాంటి చప్పుడు అర నిమిషం, నిమిషం, ఇంకొంచెం సేపు. బండి మెల్లగా లేచి నిలబడింది.

"చూడు నాయనా, లేచింది."

"లేచింది సరే. అసలెందుకు పడుకునింది?"

దానికి జవాబు నాకు అప్పటికి నాలుగు నెలల ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, అంతే. చెప్పనందుకు ఎంత ఖర్చయిందో నా పద్దు పుస్తకంలో ఉంది. పాత లగ్జరీ బండి గురించి నేను రాయదలుచుకున్నది ముఖ్యంగా ఆ ఖర్చు గురించే. టైర్లు, ట్యాక్సు కూడా వస్తాయి గానీ వాటి గురించి ఎవరైనా చెప్తారు.

నాది నిమ్మకాయల కమీషన్ వ్యాపారం. మా కాయ ఎక్కువగా ఉత్తరాదికి పోతుంది. 2022 ఏప్రిల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది, దేశమంతా నిమ్మకాయ ధర గురించే మాట్లాడుకుంది. ఢిల్లీలో చిల్లరగా కిలో 200 దాటింది. రైతుకీ నాలుగు డబ్బులు మిగిలాయి, మాకూ మిగిలాయి. మా కాయ ఢిల్లీ పోతే, ఆ డబ్బుతో ఢిల్లీ బండి మా ఇంటికొచ్చింది.

ఢిల్లీ బండే ఎందుకంటే, అక్కడ పదేళ్లు నిండిన డీజిల్ బండి తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ దెబ్బకి తొమ్మిదో ఏడు దాటిన డీజిల్ బండ్లు అక్కడ సంత చివర్లో మిగిలిన కూరగాయల ధరకి వచ్చేవి. నాది 2012 మోడల్. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, నాలుగు చక్రాలకీ పవరు, ఎయిర్ సస్పెన్షన్, నెత్తిన సగం బండి పొడుగు అద్దం. పదకొండు లక్షలు పెట్టా. కొత్తప్పుడు దాని ధర ఇందుకు ఆరింతల పైమాటే. కంపెనీ పేరు రాయను. జర్మనీది అనుకోండి. పేరు రాస్తే చదివేవాళ్లలో సగం మంది ఆ కంపెనీని తిట్టడానికీ మిగతా సగం వెనకేసుకురావడానికీ దిగుతారు, నా మాట మధ్యలో నలిగిపోతుంది. పదేళ్లు దాటిన ఈ తరహా బండ్లన్నిటి జబ్బులూ దాదాపు ఒకటే.

మొదటి దెబ్బ బండి పాడవకముందే తగిలింది. ఢిల్లీ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని ఇక్కడ రిజిస్టర్ చేయించుకోబోతే, లైఫ్ ట్యాక్స్ లెక్క కట్టింది నేను కొన్న పదకొండు లక్షల మీద కాదు. కొత్తప్పటి ధర పట్టుకుని, దాని మీద వయసుకు తగిన శాతం వేశారు. బండి ముసలిదైనా ప్రభుత్వం లెక్కలో అది కోటీశ్వరుడి బిడ్డే. ఢిల్లీ బండి చవక అని ఎవరైనా చెప్తే ముందు ఈ లెక్క అడగండి. నేను అడగలేదు. మా బావమరిది అడగమన్నాడు, వాడి మాట విననందుకు ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తాడు.

ఇక ఒరగడం సంగతి.

మామూలు బండికి ప్రతి చక్రం దగ్గరా ఇనప స్ప్రింగు ఉంటుంది. దీనికి ఆ చోట గాలి నింపిన రబ్బరు తిత్తి. కమ్మరి కొలిమి దగ్గర చూసిన తిత్తి లాంటిదే, కాకపోతే మందం. దాన్నే షెడ్డుల్లో బెలోస్ అంటారు. బండి ఎత్తు ఎంతుందో ప్రతి మూలా ఒక సెన్సర్ చూస్తుంటుంది. తగ్గితే కంప్రెసర్ గాలి కొడుతుంది. గతుకుల్లో బండి పడవలా తేలిపోయేది అందుకే. నెల్లూరు నుంచి మా ఊరొచ్చే దారిలో ఎన్ని గుంతలున్నాయో కొన్న కొత్తలో నాకు తెలిసేది కాదు.

కానీ రబ్బరు రబ్బరే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలే పగిలితే రబ్బరెంత? ఢిల్లీలో పదేళ్లు ఎండలకి కాగి, చలికి బిగుసుకుని, మా నెల్లూరు ఎండలోకి వచ్చిపడ్డ తిత్తికి మడత దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు పడ్డాయి. మొదట్లో అది బయటికి కనపడదు. రాత్రి తొమ్మిదికి పెట్టిన బండి తెల్లారేసరికి ఒక అంగుళం దిగుతుంది. స్టార్ట్ చేస్తే లేస్తుంది. ఇంకో నెలకి రెండంగుళాలు. స్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుంది. ఇలా లేస్తున్నంత కాలం మనిషికి ధైర్యం. అయితే ప్రతిసారీ లేపుతున్నది కంప్రెసర్. అప్పుడప్పుడూ అర నిమిషం పని చేయడానికి చేసిన చిన్న మోటారు అది. కారుతున్న తిత్తిని నింపడానికి దాన్ని రోజుకి ఇరవై మార్లు తిప్పితే లోపలి రింగు అరిగి, వేడెక్కి, ఒకరోజు కాలిపోతుంది. తిత్తి జబ్బుకి కంప్రెసర్ చచ్చిపోవడం ఈ బండ్లలో నిత్యం జరిగేదే.

నాకు ఈ సంగతంతా ముందే తెలుసు. నెల్లూరు ఆటోనగర్‌లో నేను నమ్మే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. నేను భాయ్ అంటా, ఆయన నన్ను అన్నా అంటాడు. ఫిబ్రవరిలో ఆయిల్ మార్చడానికి పోయినప్పుడే సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూపించాడు. "అన్నా, ముందు రెండూ అయిపోయినాయి. ఇప్పుడే ఏసేద్దామన్నా, లేకుంటే కంప్రెసర్ ఎత్తకపోద్ది" అన్నాడు. రెండు ముందు స్ట్రట్లు (తిత్తితో కలిసొచ్చే షాకబ్జార్లు), కంపెనీవి కావు, బయట తయారైనవి, అమర్చే కూలితో కలిపి 1,10,000. చెన్నై నుంచి తెప్పించడానికీ బిగించడానికీ వారం బండి షెడ్డులో ఉండాలి.

ఆ వారం నాకు దొరకలేదు. మాఘమాసం పెళ్లిళ్లు. తర్వాత కాయ సీజన్. తర్వాత బంధువుల ఇంట్లో గృహప్రవేశం. ఇవన్నీ సాకులే. అసలు కారణం రాస్తా.

మండీ వ్యాపారం నోటి మాట మీద నడుస్తుంది. రైతు కాయ తెచ్చి నా దగ్గర పోసి, డబ్బుకి వచ్చే వారం వస్తాలే అని పోతాడు. ఉత్తరాది పార్టీ డబ్బు నెల ఆలస్యం చేసినా ఇక్కడ నేను రైతుకి సర్దాలి. ఆ నమ్మకం నా బండిని చూసి వచ్చిందని అనను గానీ, బండి షెడ్డులో వారం కదలకుండా కనపడితే సడలడం మాత్రం ఖాయం. "నిమ్మకాయలాయన బండి ఆటోనగర్‌లో పడుందంట, బాగు చేయించడానికి డబ్బుల్లేవంట" అనే మాట నాకన్నా ముందు పొదలకూరు చేరుతుంది. ఇన్నోవా వాడికి ఈ బాధ లేదు. చిన్న చప్పుడొస్తే షెడ్డుకి తోలుకుపోతాడు, అక్కడే టీ తాగుతాడు, పదిమందితో మాట్లాడతాడు. లగ్జరీ బండి వాడు చప్పుడొస్తే పాట సౌండు పెంచుతాడు.

అందుకే నాలుగు నెలలు ఆగా. నాయన కేకేసిన తర్వాత ఇంకో తొమ్మిది రోజులకి, ఆత్మకూరు నుంచి వస్తుంటే, కందిరీగ రొద ఆగిపోయింది. బండి ముందు భాగం రోడ్డుకి ఆనినట్టు దిగింది. ఇరవై కిలోమీటర్ల వేగంతో, ప్రతి గుంతకీ ఒక బూతు చొప్పున, ఇంటికి చేరా. కంప్రెసర్ 68,000. స్ట్రట్లు ఎటూ తప్పవు, వాటి 1,10,000 బండి వయసు ఖాతాలో రాశా. ఈ అరవై ఎనిమిది వేలు మాత్రం ఏ ఖాతాలో రాయాలో తెలీక పద్దు పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన 'పరువు' అని రాశా. అప్పట్లో ఎగతాళికే రాశా. తర్వాత ఆ పేజీ నిండింది.

దాంట్లో రెండో పద్దు వెనకటి ఏడాదిది, తర్వాత ఎక్కించింది: గేర్‌బాక్స్. 2023 డిసెంబరులో, తుపాను వానలు పోయిన వారానికి, ఒక పొద్దున బండి స్టార్టయింది గానీ తెర మీద పండగ దీపాల్లా హెచ్చరికలు వెలిగాయి. గేర్‌బాక్స్ ఫాల్ట్, బ్రేక్ ఫాల్ట్, సస్పెన్షన్ ఫాల్ట్. గేరు మూడు దాటి పడటం లేదు. భాయ్‌కి ఫోన్ చేయాల్సింది. కానీ ఆటోనగర్‌లో నలుగురి ముందు గేర్‌బాక్స్ పోయిందనిపించుకోవడం ఇష్టం లేక, ఎవరికీ తెలియకుండా రాత్రికి రాత్రి ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి చెన్నై పంపించా. నాలుగు చక్రాలకీ పవరున్న బండిని రెండు చక్రాలెత్తి లాక్కుపోకూడదు, మొత్తం ఎక్కించాల్సిందే. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. అక్కడ ఒక పెద్ద వర్క్‌షాపు. ఏసీ గది, కాఫీ, తెల్ల చొక్కా అబ్బాయి. బండి కంప్యూటర్లని చదివే స్కానర్ పెట్టి, గేర్‌బాక్స్‌ని నడిపే కంట్రోల్ యూనిట్ పోయిందని తేల్చి, లారీ బాడుగ కూడా కలిపి 55,000 తీసుకుని పంపించారు. పన్నెండో రోజు మళ్లీ అవే దీపాలు.

ఈసారి సిగ్గు విడిచి భాయ్ దగ్గరికి పోయా. ఆయన స్కానర్ తీయనే లేదు. మీటరు తీసి బ్యాటరీకి పెట్టాడు. ఇంజన్ ఆపి రాత్రంతా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. నాది 11.8. స్టార్టర్ తిరిగేటప్పుడు ఇంకా కిందికి పడిపోతా ఉంది. ఈ బండ్లలో డజన్ల కొద్దీ చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటాయి. కరెంటు చాలకపోతే నిద్రమత్తులో మాట్లాడినట్టు అన్నీ తప్పుడు కబుర్లు చెప్తాయి. గేర్‌బాక్స్ నాకు బాలేదంటుంది, అది విని బ్రేకులు నాకూ బాలేదంటాయి. స్కానర్ ఆ కబుర్లు చదివి చూపిస్తుంది, అంతే. అది చూపే ఏ తప్పు కోడ్ అయినా ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తుంది. తప్పు ఎవరిదో చెప్పదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినవాడినే తీసుకుపోయి లోపలేసినట్టుంది నాకు చేసిన వైద్యం.

కొత్త బ్యాటరీ 26,000. అవును, లారీ బ్యాటరీ కన్నా ఎక్కువ. ఏజీఎం అనే ఖరీదైన రకం, పైగా కొత్తది పెట్టినట్టు బండికి స్కానర్‌తో చెప్పాలి. చెప్పకపోతే అది ఇంకా పాత బ్యాటరీయే ఉందనుకుని దానికి తగ్గట్టే చార్జింగ్ పెడుతుంది. ఇది తెలియని చోట బ్యాటరీ మార్చి, రెండేళ్లకే పోయిందని కంపెనీని తిట్టేవాళ్లని ఇద్దర్ని చూశా.

ఇక్కడో మాట. చెన్నైలో మోసం చేశారని నేను అనడం లేదు. కోడ్ చూశారు, కోడ్ చెప్పింది చేశారు. నా బండి చరిత్ర వాళ్లకి తెలియదు. ఆ పొద్దున చలికి స్టార్టర్ బరువుగా తిరగడం భాయ్‌కి చెప్పుంటే అక్కడే పట్టుకునేవాడు. పాత బండికి కావాల్సింది పెద్ద వర్క్‌షాపు కాదు, దాని వెనకటి జబ్బులు గుర్తుండే మనిషి ఒకడు. మా నాయన ఏ ఎద్దుని చూసినా నడకని బట్టి నాడా అరిగిందా, గిట్ట చీలిందా చెప్పేవాడు. రోజూ చూసేవాడు కాబట్టి చెప్పేవాడు. కుంటే ఎద్దుని కాడికి కట్టేవాడు కాదు, దాన్ని దొడ్లో దాచిపెట్టేవాడూ కాదు.

పెళ్లిళ్ల గురించి రాయకపోతే మా వైపు వాళ్లు ఒప్పుకోరు. పెద్ద నల్ల బండి ఉందంటే చుట్టాల్లో ప్రతి పెళ్లికొడుకూ దాంట్లోనే ఊరేగాలి. ఊరేగింపు ఎట్టా ఉంటుందో తెలిసిందే. రెండు కిలోమీటర్లకి మూడు గంటలు. ముందు బ్యాండు, మధ్యలో టపాకాయలు, ప్రతి సెంటర్లో డాన్సు. లోపల పెళ్లికొడుక్కి చెమట పట్టకూడదని ఏసీ ఫుల్లు. డీజిల్ బండికి ఇంతకన్నా హింస ఉండదు. పొగగొట్టంలో డీపీఎఫ్ అని మసి పట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద పోయేటప్పుడు దాంట్లో వేడి 600 డిగ్రీల దాకా లేచి, పట్టిన మసిని తనే కాల్చేసుకుంటుంది. నత్తనడకన గంటలకొద్దీ నడిపితే మసి చేరడమే గానీ కాలడం ఉండదు. మొదట ఒక లైటు వెలుగుతుంది. ఆ లైటు చూసి బండిని కావలి దాకా హైవే మీద అరగంట ఆగకుండా తోలితే చాలావరకు ఆరిపోతుంది. పైసా ఖర్చు లేదు. నాకు లైటు వెలిగింది శ్రావణమాసంలో, వరసగా మూడు పెళ్లిళ్లలో రెండో దాని నడిమధ్యన. పెళ్లివారిని దించి, "కాస్త హైవే ఎక్కొస్తా" అంటే ఎవరు ఊరుకుంటారు? మూడో పెళ్లి అయ్యేసరికి బండి పవరు పడిపోయి కుంటి నడక పట్టింది. జల్లెడ విప్పి చెన్నై పంపి కడిగించడానికి 25,000. పరువు పేజీలోకే.

జల్లెడ పీకేసి ఖాళీ గొట్టం పెట్టిస్తే సరిపోతుందని సలహా ఇచ్చినవాళ్లు కనీసం అరడజను మంది. ఆ నల్లపొగ మా వీధి పిల్లలకి పట్టించలేక వద్దన్నా.

ఎలుకలూ ఆ పేజీలోనే ఉన్నాయి. కొత్త కవరు కొని, మెరుపు పోకూడదని కప్పి, పెళ్లిళ్లకి తప్ప తీయకుండా మూడు వారాలు ఉంచా. పక్కనే వడ్ల గోడౌను. ఇంజన్ మీద వెచ్చటి, చీకటి, కదలని ఇల్లు దొరికితే ఎలుక ఊరుకుంటుందా? వైరింగు కొరికింది. అతుకులు వేసి బాగు చేయడానికి 31,000. బండి రోజూ తిరుగుతుంటే అది రాదు.

ఇప్పుడు రెండో వైపు. పరువుతో పనిలేని, వయసుతో వచ్చే ఖర్చులు కూడా ఉన్నాయి, అవి తప్పవు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆయిల్ కూలర్ సీళ్లు. నా ఇంజన్ వీ ఆకారంలో ఉంటుంది. అటు మూడు సిలిండర్లు, ఇటు మూడు. మధ్య లోయలో, టర్బోకీ గొట్టాలకీ కింద, ఆయిల్ కూలర్ కూర్చుని ఉంటుంది. దాని కింద రెండు రబ్బరు సీళ్లు. వేడికి అవి బిస్కెట్‌లా గట్టిపడి ఆయిల్ వదులుతాయి. సీళ్ల ఖరీదు రెండు వేలు కూడా లేదు. వాటిని చేరాలంటే పైనున్నదంతా విప్పాలి, మూడు రోజుల పని. మొత్తం 42,000. ఆ బిల్లు కట్టేటప్పుడు నాకు బాధ కలగలేదు. ఏ పని జరిగిందో కళ్లారా చూశా, పాత సీలు నా చేతిలో రెండు ముక్కలైంది.

గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి వేరు. బండి కంపెనీల్లో చాలామంది అది జీవితకాలం పనిచేస్తుందని పుస్తకంలో రాస్తారు. ఎవరి జీవితకాలం? ఈ తరహా బండ్లలో ఎక్కువ వాటికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తయారుచేసే జర్మనీ సంస్థ జడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకోసారి మార్చమంటుంది. తయారుచేసినవాడి మాట వింటానని, బండి తిరిగింది 1,30,000 అయినా, మార్పించా. ఫిల్టరు దాని అడుగున ప్లాస్టిక్ తొట్టిలోనే కలిసి ఉంటుంది, తొట్టితో సహా మార్చాలి. 38,000. దిగిన ఆయిల్ చూస్తే మా అంగట్లో మూడేళ్ల నాటి నిమ్మ ఊరగాయ జాడీ అడుగు గుర్తొచ్చింది.

టైర్లు నాలుగూ ఒకేసారి, 96,000. రెండు ఇప్పుడు, రెండు వచ్చే ఏడాది అనడానికి వీల్లేదు. కొత్త టైరు చుట్టుకొలత కాస్త ఎక్కువ, అరిగిన దానిది తక్కువ. నాలుగు చక్రాలకీ పవరు పంచే పెట్టె ఆ తేడాని జారుడు అనుకుని ఎప్పుడూ సర్దుతూనే ఉంటుంది, చివరికి అదీ అరుగుతుంది. ఇంజన్ ఆయిల్ మూడేళ్లలో ఆరు మార్లు, మారుకి 16,000. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వదిలే రకం ఆయిల్ తప్పనిసరి, మామూలుది పోస్తే జల్లెడ మూసుకుంటుంది. బ్రేకులు, ఏసీ కలిపి 75,000. పైకప్పు అద్దం చుట్టూ నీళ్లు పోయే సన్న గొట్టాలుంటాయి. వేపచెట్టు కింద పెడితే వేపపూత వాటిల్లో ఇరుక్కుని, నీళ్లు లోపలికి దిగి, కాళ్ల కింద తివాచీ అడుగున్న కంప్యూటర్ పెట్టెని తడుపుతాయి. ఇది చాలామందికి లక్షల్లో ముంచింది. నాకు ఖర్చు కాలేదు. ఉగాది పోగానే మా ఆవిడ సన్నటి నైలాన్ తీగతో శుభ్రం చేస్తుంది. బండి గురించి ఇంట్లో అందరికన్నా బుద్ధిగా ఉన్నది ఆమే.

ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకునేవాళ్లకి ఒక్క మాట. అరుగుదలకీ, లోపల పాడైనదానికీ రూపాయి రాదు. గుద్దుకోవడం, మునగడం, దొంగతనం లాంటివి జరిగితేనే వస్తుంది. అప్పుడు కూడా రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకి సగం తరుగు తీస్తారు. పదేళ్లు దాటిన బండిలో ఇనప సామాన్లకీ సగమే. ఈ బండ్లలో ప్లాస్టిక్ కానిదేముంది? థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం 1,500 సీసీ దాటిన ఏ కారుకైనా ఒకటే, 2022లో పెట్టిన లెక్కన 7,897 రూపాయలు. పాత బండికి దక్కే ఒకే ఒక సమానత్వం అది.

మూడేళ్ల పైచిలుకు లెక్క కూడితే, డీజిలు, ఇన్సూరెన్స్, ట్యాక్సు వదిలేసి, 6,62,000. అందులో పరువు పేజీ 1,79,000. అంటే రూపాయిలో పావలా పైన. బండి వయసుతో, ఎండతో, రోడ్లతో, జర్మనీతో ఏ సంబంధమూ లేని డబ్బు అది. మా వైపు ఈ బండ్లు కొని నష్టపోయినవాళ్ల కథలు చాలా విన్నా. రొయ్యల గుంటల్లో డబ్బు పారినప్పుడు కొని, ధర పడిపోయినప్పుడు ఇంటి ముందు కవరు కప్పి పెట్టినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. అందరూ కంపెనీని తిడతారు, లేదంటే మెకానిక్‌ని. మొదటి చప్పుడు వచ్చిన రోజుకీ, షెడ్డుకి తీసుకుపోయిన రోజుకీ మధ్య ఎన్ని నెలలని అడిగితే మాట మారుస్తారు.

ఇన్నోవా కొనుక్కోరాదా అని అడిగేవాళ్లకి నా దగ్గర గట్టి జవాబు లేదు. వాళ్లు చెప్పేది నిజం. వ్యాపారానికి అదే మంచిది. 6,62,000లో సగం కూడా దానికి కాదు. అయితే మా అమ్మకి నడుము నొప్పి. నాలుగు నెలలకోసారి చెన్నై ఆసుపత్రికి పోవాలి. ఇంతకుముందు ఏ బండిలో పోయినా గూడూరు దాటేసరికి, "ఇంకెంత దూరం నాయనా" అనేది. ఈ బండిలో మొదటిసారి తీసుకుపోయినప్పుడు సూళ్లూరుపేట దాకా నిద్రపోయింది. లేచి, "అప్పుడే వచ్చేశామా?" అంది. నిజంగా ఇంకా చాలా దూరముంది. ఆ తిత్తులు బాగు చేయించిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. ఈ ఆనందానికి విలువ కట్టలేను గానీ, ఇది పరువు పేజీలోకి రాదు. ఎవరూ చూడని చోట దొరికింది కాబట్టి.

అందుకే వీటిని కొనొద్దని నేను అనను. పదకొండు లక్షల బండి కొనడానికి పదకొండు లక్షలు ఉంటే చాలదు, ఇంకో నాలుగు పక్కన పెట్టుకుని కొనాలి. కొనకముందు బండిని ఒక రాత్రి చదునైన నేల మీద వదిలేసి, పొద్దున స్టార్ట్ చేయకముందు నాలుగు మూలలూ జానతో కొలవాలి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడాలి. చెన్నైలో 2015లోనూ 2023లోనూ మునిగిన బండ్లు ఎటు పోయాయో అందరికీ తెలుసు. అన్నిటికన్నా ముందు, నలుగురూ చూస్తుండగా దాన్ని షెడ్డులో వారం వదలగలమా అని తనని తాను అడుక్కోవాలి. వదలలేకపోతే బండి ఎంత మంచిదైనా వద్దు.

2027లో దీనికి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవాలి. ఈలోపు అమ్మేద్దామా అని ఒకసారి అనుకున్నా. పోయిన నెల కావలి వైపు నుంచి ఇద్దరు కుర్రాళ్లు చూడ్డానికి వచ్చారు. రాత్రే బండి పెట్టేసి తాళం తీయకుండా ఉంచా. వెనక కుడి మూల ఒక అంగుళం దిగి ఉంది. దాచలేదు, వేలు పెట్టి చూపించా. పద్దు పుస్తకం తెచ్చి ముందు పెట్టా. పెద్దవాడు మొదటి పేజీ తిప్పి, మూసి, నా చేతికిచ్చి, బండి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"నంబరు టోటల్ ఎంతన్నా?"

కూడి చెప్పా. ఎనిమిది.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ ఇచ్చిన నిమ్మరసం తాగి, ఫోన్ చేస్తామని చెప్పి పోయారు. చేయలేదు. వెనక కుడి తిత్తికి ఆర్డరు పెట్టమని భాయ్‌కి ఆ మధ్యాహ్నమే చెప్పా. సోమవారం బండి ఆటోనగర్‌లో ఉంటుంది, రోడ్డుకి ఎదురుగానే.